హెబ్రీ లేఖనాలలో దైవబలం, పరిశుద్ధత: మందస కథనాలు కేంద్రంగా ఒక పరిశీలన

హెబ్రీ లేఖనాలు దేవుణ్ణి రెండు వేర్వేరు పదవర్గాలతో వర్ణిస్తాయి. బలాన్ని, ఆధిపత్యాన్ని, సైన్యాధిపత్యాన్ని తెలిపే పదాలు ఒక వర్గం. 'కాదోష్' అనే విశేషణం, దానితో ఒకే ధాతువు నుంచి పుట్టిన పదాలు రెండో వర్గం. వ్యాఖ్యాన సంప్రదాయంలో ఈ రెండూ తరచుగా కలిసిపోతాయి. అపారశక్తి కలవాడు కనుక పరిశుద్ధుడు, పరిశుద్ధుడు కనుక భయంకరుడు అన్న సమీకరణం స్థిరపడింది. 1917లో వెలువడిన రుడాల్ఫ్ ఒట్టో జర్మన్ గ్రంథం ఈ సమీకరణానికి తాత్త్విక గౌరవాన్ని కల్పించింది. పవిత్రతానుభవంలో భీతి, మహత్త్వం, ఉద్ధృతమైన శక్తి విడదీయరాని అంశాలని ఒట్టో భావించాడు. ఉదాహరణలలో ప్రధానమైన వాటిని హెబ్రీ లేఖనాల నుంచే తీసుకున్నాడు. అనుభవాన్ని వర్ణించడం వరకు ఆయన మాట చెల్లుతుంది. కథనాలను కథనాలుగా, పదాల పొందికను గమనిస్తూ చదివినప్పుడు మాత్రం వేరొక విషయం తేలుతుంది. ఈ గ్రంథాలలో పరిశుద్ధత శక్తికి మరో పేరు కాదు. దైవశక్తి ఎవరి చేతికీ పనిముట్టుగా చిక్కకుండా నిలిపే హద్దు అది. సమూయేలు గ్రంథాలలోని మందస కథనాలు ఈ భేదాన్ని అత్యంత స్పష్టంగా చూపుతాయి.

పదాల పరిధి

వాడుకలో ఉన్న తెలుగు బైబిలు 'కాదోష్'కు 'పరిశుద్ధ' అన్న మాటను స్థిరపరచింది. శుద్ధి అంటే మలినాన్ని తొలగించడం. ఆ భావానికి హెబ్రీలో వేరే పదాలున్నాయి: శుద్ధమైనది 'తాహోర్', అశుద్ధమైనది 'తామే'. 'కోదెష్'కు ప్రతిపదం 'తామే' కాదు, 'హోల్'. హోల్ అంటే మైలపడినది కాదు, మామూలుది. ఇంట్లో తినే రొట్టె హోల్. అది తాహోర్ కూడా కావచ్చు. లేవీయకాండము పదో అధ్యాయంలో యాజకుల కర్తవ్యాన్ని చెప్పేటప్పుడు ఈ రెండు జంటలనూ పక్కపక్కనే ఉంచి, వాటి మధ్య తేడాను గుర్తించమని అహరోనుకు ఆజ్ఞ ఇవ్వబడుతుంది. 'కాదోష్' ధాతువుకు 'వేరుపరచు' అన్న మూలార్థాన్ని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. ఆ వ్యుత్పత్తి నిశ్చితం కాకపోయినా, వాడుక మాత్రం ఆ వైపే చూపుతుంది.

తెలుగు అనువాదకులను ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. సంస్కృతం నుంచి వారికి అందుబాటులో ఉన్న 'పవిత్ర', 'పావన' శబ్దాలు రెండూ 'పూ' ధాతువు నుంచి వచ్చినవే, శుభ్రపరచడాన్నే సూచించేవే. యాజకులను, వస్తువులను దేవునికి కేటాయించే సందర్భాలలో వాడిన 'ప్రతిష్ఠించు' అన్న క్రియ మూలానికి ఎక్కువ దగ్గరగా ఉంది. దానిలో కడగడం కన్నా స్థానం కల్పించడం ప్రధానం. కాని ఆ క్రియ నుంచి దేవునికి విశేషణం పుట్టలేదు. ఫలితంగా తెలుగు పాఠకుని మనసులో పరిశుద్ధత నైతిక నిర్మలత్వంగా స్థిరపడింది. మందసాన్ని ముట్టి మనిషి చనిపోయిన కథ ఆ పాఠకునికి అన్యాయంగానైనా కనిపిస్తుంది, లేదా ఆ మనిషిలో ఏదో దోషం వెదకవలసి వస్తుంది.

తెలుగు సమాజానికి పరిచితమైన మడి ఆచారంతో పోలిస్తే ఈ భేదం ఇంకా తేటపడుతుంది. మడి కట్టుకున్నవారిని ఇతరులు తాకితే చెడేది మడి. అంటే ప్రమాదం బయటి నుంచి లోపలికి వస్తుంది. యెహెజ్కేలు 44వ అధ్యాయంలో యాజకుల వస్త్రాల గురించిన నియమం దీనికి తలకిందులుగా ఉంటుంది. లోపలి ఆవరణలో సేవ చేసిన యాజకుడు వెలుపలికి, జనం మధ్యకు వచ్చే ముందు ఆ వస్త్రాలను విడిచి వేరే బట్టలు కట్టుకోవాలి. కారణం జనం వల్ల వస్త్రాలు మైలపడతాయని కాదు, వస్త్రాల వల్ల జనానికి పరిశుద్ధత అంటుకుంటుందని. ఇక్కడ కాపాడవలసింది మనుషులను. అయితే లేఖనాలన్నీ ఈ విషయంలో ఏకకంఠంగా మాట్లాడవు. హగ్గయి గ్రంథంలో యాజకులు ఇచ్చిన తీర్పు ప్రకారం, ప్రతిష్ఠిత మాంసాన్ని మోసే బట్టచెంగు మరో ఆహారానికి తగిలినంత మాత్రాన అది పరిశుద్ధం కాదు. శవస్పర్శ వల్ల కలిగిన అశుద్ధి మాత్రం అంటుకుంటుంది. రాబర్ట్‌సన్ స్మిత్ 1889లో సెమిటిక్ మతాలపై వెలువరించిన ఉపన్యాసాలలో ఇటువంటి నియమాలను పసిఫిక్ దీవుల నిషేధాచారాలతో పోల్చాడు. 1966లో మేరీ డగ్లస్ వాటిలో సమగ్రత, క్రమబద్ధత అనే తర్కాన్ని చూసింది. వీరిద్దరి దృష్టి ప్రధానంగా నియమాల మీదనే. ఆ నియమాలకు ప్రాణం పోసే కథనాల మీద కూడా అంతే దృష్టి అవసరం.

బలాన్ని తెలిపే పదవర్గం గురించి ఒక్క విషయం చెప్పుకుంటే చాలు. 'షద్దాయ్' అన్న ప్రాచీన నామానికి మూలార్థం ఇప్పటికీ వివాదాస్పదమే. యోబు గ్రంథపు గ్రీకు అనువాదకులు చాలాచోట్ల దానిని సర్వాధికారి అన్న అర్థంతోను, లాటిన్ అనువాదకుడు సర్వశక్తిమంతుడు అన్న అర్థంతోను అనువదించారు. తెలుగు 'సర్వశక్తిగల దేవుడు' ఆ పరంపరకు చెందినదే. ఈ నామం లేఖనాలలో 48 సార్లు వస్తే, అందులో 31 యోబు గ్రంథంలోనివే. అదే గ్రంథంలో 'కాదోష్' దేవునికి నామంగా వచ్చేది ఒక్కచోట మాత్రమే, ఆరో అధ్యాయంలో. కారణం తెలియని బాధలో ఉన్న మనిషి దేవుని బలంతోనే వాదులాడుతున్నాడు. రెండు పదవర్గాలూ ఒకటే అయి ఉంటే ఇంత అసమానమైన వాడుక సాధ్యం కాదు. ఇక పరిశుద్ధత విషయానికి వస్తే, ఆదికాండంలో దేవుడు పరిశుద్ధపరచినట్లు చెప్పినది ఏడో దినాన్ని. అంటే లేఖనాలలో మొదటి పరిశుద్ధ వస్తువు అసలు వస్తువే కాదు, ఎవరూ పట్టుకోలేని కాలం.

మందసం: యుద్ధభూమి నుంచి కళ్లం దాకా

సమూయేలు మొదటి గ్రంథం నాలుగో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోతారు. సుమారు 4000 మంది చనిపోతారు. పెద్దలు సమావేశమై, యెహోవా మనలను ఎందుకు ఓడించాడని ప్రశ్నించుకుంటారు. ప్రశ్న సరైనదే. కాని జవాబు కోసం ఆగరు. షిలోహు నుంచి మందసాన్ని తెప్పిస్తే అది తమ మధ్యకు వచ్చి శత్రువుల చేతి నుంచి రక్షిస్తుందని నిర్ణయిస్తారు. హెబ్రీ వాక్యంలో 'వచ్చి', 'రక్షించి' అన్న క్రియలకు కర్త మందసమా, దేవుడా అన్నది వ్యాకరణం తేల్చదు. మందసం పుంలింగ పదమే కనుక రెండూ పొసగుతాయి. ఈ సందిగ్ధత కథకుని అజాగ్రత్త కాదు. పెద్దల మనసులో ఆ రెంటికీ తేడా చెరిగిపోయిందన్న విషయం వాక్యనిర్మాణమే చెబుతోంది.

మందసం శిబిరంలోకి రాగానే నేల దద్దరిల్లేలా కేకలు వేస్తారు. ఫిలిష్తీయులు భయపడతారు, ఐగుప్తును దెబ్బతీసిన బలవంతులైన దేవతల చేతి నుంచి తమను ఎవరు తప్పిస్తారని వాపోతారు. పెద్దల భాష, శత్రువుల భాష ఒక్కటే కావడం గమనించదగినది. రెండు పక్షాలూ మాట్లాడేది బలం గురించే. ఇరుపక్షాల లెక్క ప్రకారం ఇశ్రాయేలు గెలవాలి. గెలవదు. 30,000 మంది కాల్బలం కూలుతుంది, మందసం శత్రువుల పాలవుతుంది. వార్త విన్న వృద్ధ యాజకుడు ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోతాడు. అతడు బరువైనవాడని కథకుడు ప్రత్యేకంగా చెబుతాడు. ఆ 'బరువు' హెబ్రీలో 'కాబేద్'. కొద్ది వాక్యాల తర్వాత ఏలీ కోడలు ప్రసవవేదనలో బిడ్డకు ఈకాబోదు అని పేరు పెడుతుంది. 'కాబోద్', అంటే మహిమ, వెళ్లిపోయిందని ఆమె ఉద్దేశం. తర్వాతి అధ్యాయంలో అష్డోదు వాసుల మీద యెహోవా చేయి 'బరువు' అవుతుంది. అక్కడి క్రియ కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే. మహిమ వెళ్లిపోలేదు, బరువు మరోచోట దిగింది. తెలుగులో 'మహిమ', 'భారము' అనే రెండు మాటలకు చుట్టరికం లేనందువల్ల ఈ శ్లేష అనువాదంలో పూర్తిగా మరుగున పడింది.

దాగోను గుడిలో జరిగినది పలువురు ఎరిగినదే. విగ్రహం రెండోసారి పడినప్పుడు దాని తల, రెండు అరచేతులు తెగి గడప మీద ఉంటాయి. చేతులు లేని దేవత ఒకవైపు, బరువెక్కిన చేయి మరోవైపు. ఈ కథనమంతటా 'చేయి' అన్న మాట తిరుగుతూనే ఉంటుంది. మిల్లర్, రాబర్ట్స్ అనే పండితులు 1977లో మందస కథనంపై వెలువరించిన అధ్యయనానికి పేరు పెట్టింది ఈ 'చేయి' మీదనే. యుద్ధంలో చెరపట్టిన దేవతావిగ్రహాల గురించిన మెసొపొటేమియా రచనలతో వారు ఈ కథను పోల్చారు. ఆ పోలిక విలువైనది. ఓడిపోయిన ప్రజల దేవుడు ఓడిపోలేదని చెప్పడం ఈ కథ పనులలో ఒకటి అనడంలో సందేహం లేదు. కాని కథ అక్కడితో ఆగి ఉంటే అది బలప్రదర్శన కథ మాత్రమే అయ్యేది.

అది ఆగదు. 7 నెలల తర్వాత ఫిలిష్తీయులు మందసాన్ని కొత్త బండి మీద పాడి ఆవులతో పంపివేస్తారు. బేత్షెమెషు ప్రజలు కోతకోస్తూ తలెత్తి చూసి సంతోషిస్తారు. వీరు శత్రువులు కారు, స్వజనమే. మందసం లోపలికి చూసినందుకు వారిలోనూ మరణాలు సంభవిస్తాయి. ఆ వాక్యంలోని సంఖ్య మూలంలోనే చెదిరి ఉంది: 70 మంది అన్న మాట పక్కన 50,000 అన్న మాట పొసగకుండా నిలిచి ఉంటుంది. గ్రీకు అనువాదంలో కారణమే వేరుగా ఉంది. పాఠం ఎలా ఉన్నా ప్రజలు అడిగే ప్రశ్న ముఖ్యం. ఈ పరిశుద్ధుడైన దేవుని యెదుట ఎవరు నిలవగలరని, తమ దగ్గర నుంచి ఆయన ఎవరి దగ్గరకు వెళ్తాడని వారు అడుగుతారు. మందసం షిలోహును విడిచినప్పటి నుంచి ఇంత దూరం వచ్చిన కథలో దేవుణ్ణి 'కాదోష్' అన్నది ఇక్కడే. ఐగుప్తును కొట్టిన దేవతలని ఫిలిష్తీయులు అన్నప్పుడు రాని పదం, రక్షిస్తాడని పెద్దలు అన్నప్పుడు రాని పదం, ఆ బలం ఏ పక్షానికీ చెందదని తెలిసిన క్షణంలో వచ్చింది. ఆ వెంటనే వారు మందసాన్ని పొరుగూరు కిర్యత్యారీముకు తీసుకుపొమ్మని కబురు పంపుతారు. భక్తి, భయం, వదిలించుకోవాలన్న ఆత్రం కలగలిసిన ఈ ఘట్టంలో కథకుని హాస్యం సన్నగా వినిపిస్తుంది.

సమూయేలు రెండో గ్రంథం ఆరో అధ్యాయంలో దావీదు ఆ మందసాన్ని తన కొత్త రాజధానికి తరలిస్తాడు. ఈ అధ్యాయం పూర్వకథలో భాగమా కాదా అన్న చర్చ ఉంది. లియోన్‌హార్డ్ రోస్ట్ 1926లో రెంటినీ ఒకే కథనంగా చూశాడు. మిల్లర్, రాబర్ట్స్ ఆరో అధ్యాయాన్ని వేరుచేశారు. రచనా చరిత్ర సంగతి ఎలా ఉన్నా, ఇప్పుడున్న పాఠంలో రెండింటి మధ్య పదబంధం గట్టిది. దావీదు వెంట వెళ్లినవారు 30,000 మంది. నాడు యుద్ధంలో కూలిన కాల్బలం సంఖ్య కూడా 30,000. మందసాన్ని ఎక్కించినది కొత్త బండి మీద. ఆ పద్ధతి ఫిలిష్తీయులది. బండి తోలే ఇద్దరిలో ఒకడి పేరు ఉజ్జా. ఆ పేరు బలమన్న అర్థమిచ్చే 'ఓజ్' శబ్దానికి చెందినది. ఎనుబది ఎనిమిదవ కీర్తనకు పది కీర్తనల ముందు, అంటే 78వ కీర్తనలో, చెరపోయిన మందసాన్ని దేవుని 'ఓజ్' అనే అంటారు. 132వ కీర్తనలోనూ మందసానికి ఆ విశేషణమే. కనుక నాకోను కళ్లం దగ్గర ఎద్దులు తొట్రుపడినప్పుడు జరిగినది, పదాల స్థాయిలో, బలమనే పేరుగలవాడు బలమని పేరుగాంచిన దానిని పట్టుకోవడం. హెబ్రీ పాఠంలో ఉజ్జా 'చాచాడు' అని మాత్రమే ఉంది, 'చేయి' అన్న మాట లేదు. దినవృత్తాంతముల గ్రంథం ఆ మాటను చేర్చింది. లిపికారుని పొరపాటే కావచ్చు. అయినా ఇన్ని చేతుల కథలో ఈ ఒక్క చేయి కనిపించకపోవడం పాఠకుణ్ణి ఆపుతుంది.

ఉజ్జా ఎందుకు చనిపోయాడు? కారణాన్ని తెలిపే పదబంధం అర్థం కానిది. ఆ పదం లేఖనాలలో మరెక్కడా రాదు. మందసాన్ని కర్రలతో మోయాలని, కహాతీయులు పరిశుద్ధ వస్తువులను ముట్టితే చస్తారని నిర్గమ, సంఖ్యాకాండాలు చెబుతాయి. దినవృత్తాంతములలో దావీదు ఆ నియమభంగాన్నే కారణంగా చెబుతాడు. సమూయేలు కథకుడు ఆ వివరణ ఇవ్వడు. ఉజ్జా దుష్టుడని అనడు, అతని ఉద్దేశం చెడ్డదని అనడు. పడిపోతున్న దానిని పట్టుకోబోయిన మనిషి అతడు. యెహోవా కోపం రగిలిందని చెప్పిన వెంటనే దావీదుకు కోపం రగిలిందని అదే క్రియతో చెబుతాడు. ఆ కోపాన్ని ఖండించడు. దినవృత్తాంతకారుని వివరణ ధర్మశాస్త్రానికి న్యాయం చేస్తుంది. కళ్లంలో పడి ఉన్న శవానికి న్యాయం చేసేది సమూయేలు కథకుని మౌనమే. దేవుడు పడిపోకుండా మనిషి ఆపవలసిన అవసరం ఉందన్న భావన ఎంత సహజమో ఆ మౌనం గుర్తిస్తుంది. దానిని సమర్థించదు, తేలిక చేయదు.

భయపడిన దావీదు మందసాన్ని గిత్తీయుడైన ఓబేదెదోము ఇంట ఉంచుతాడు. గిత్తీయుడు అన్న మాటను గాతు పురవాసిగా గ్రహిస్తే అతడు ఫిలిష్తీయుల పట్టణం వాడు. 3 నెలలు ఆ ఇల్లు ఆశీర్వదింపబడుతుంది. అతడు మందసంతో ఏమీ చేయలేదు, ఉండనిచ్చాడు. రెండో ఊరేగింపులో బండి లేదు, మోసేవారున్నారు. దావీదు తన పూర్ణబలంతో, 'ఓజ్'తో, నాట్యం చేస్తాడు. బలం మందసాన్ని పట్టుకోవడానికి కాక దాని ముందు ఖర్చుపెట్టడానికి మారింది. ఈ మార్పు నిజమైనదనడానికి సాక్ష్యం పదిహేనో అధ్యాయంలో ఉంది. అబ్షాలోము తిరుగుబాటులో పట్టణం విడిచి పారిపోతున్న దావీదు, యాజకులు వెంట తెచ్చిన మందసాన్ని తిరిగి పట్టణానికి పంపివేస్తాడు. యెహోవాకు ఇష్టమైతే తనను తిరిగి రప్పిస్తాడు, లేకపోతే ఆయన చిత్తం అంటాడు. ఏలీ కాలపు పెద్దలు చేసిన పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఉజ్జియా మరణించిన ఏడు

యెషయా దర్శనం రాజైన ఉజ్జియా చనిపోయిన సంవత్సరం నాటిది, సుమారు క్రీ.పూ. 740. యెహోవా నా బలం అని ఆ పేరుకు అర్థం. బలవంతుడయ్యాక గర్వించి ధూపం వేయడానికి ఆలయంలో ప్రవేశించాడని, కుష్ఠు సోకిందని దినవృత్తాంతములు అతని గురించి చెబుతాయి. అతడు పోయిన ఏడాది ప్రవక్త చూసినది సింహాసనాసీనుడైన మరొక రాజును. సెరాపులు ఆ రాజు బలాన్ని కీర్తించరు. 'కాదోష్' అని మూడుసార్లు అంటారు. లోకమంతా నిండినది మాత్రం 'కాబోద్', ఆ బరువైన మహిమ. వేరుగా ఉండేది, నిండి ఉండేది ఒకే పలుకులో చేరాయి. దీనికి ముందు అధ్యాయంలోనే పరిశుద్ధ దేవుడు నీతి ద్వారా తన పరిశుద్ధతను కనబరుస్తాడన్న మాట వస్తుంది. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుపోయేవారిని నిందించే సందర్భంలోనిది అది. యెషయా గ్రంథంలో సుమారు 25 సార్లు వచ్చే 'ఇశ్రాయేలు పరిశుద్ధుడు' అన్న నామాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఆ నామం ఇశ్రాయేలుకు దేవుని మీద హక్కు ఇవ్వదు, దేవుని యెదుట ఇశ్రాయేలును నిలబెడుతుంది.

1877లో క్లోస్టర్‌మాన్ 'పరిశుద్ధతా ధర్మం' అని పేరుపెట్టిన లేవీయకాండ భాగం కూడా ఈ దారిలోనిదే. నేను పరిశుద్ధుడను గనుక మీరూ అట్లే ఉండాలన్న భావంతో మొదలయ్యే పంతొమ్మిదో అధ్యాయం పొలం గట్టు వారగా పంటను బీదలకు విడవమంటుంది, కూలివాని కూలి తెల్లవారేదాకా అట్టిపెట్టవద్దంటుంది, తప్పుడు తూకాలు వద్దంటుంది. ఇవన్నీ బలమున్నవాడు తన బలాన్ని పూర్తిగా వాడకుండా ఆగే సందర్భాలు.

హోషేయ పదకొండో అధ్యాయం

మానవులకు విధించిన ఈ నిగ్రహం దేవునికీ వర్తిస్తుందా? క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో, ఉత్తర రాజ్యం అష్షూరు చేతిలో కూలడానికి కొద్దికాలం ముందు, హోషేయ ఈ ప్రశ్నను తాకాడు. పదకొండో అధ్యాయంలో దేవుడు నడక నేర్పిన తండ్రిగా మాట్లాడతాడు. బిడ్డ తిరగబడ్డాడు. శిక్ష న్యాయమే, దానికి కావలసిన బలమూ ఉంది. అప్పుడు ప్రసంగం హఠాత్తుగా తెగి ప్రశ్నలలోకి జారుతుంది: ఎఫ్రాయిమును ఎలా విడువగలను, అద్మావలె, సెబోయీమువలె ఎలా చేయగలను అన్న ధోరణిలో. ఆ రెండూ సొదొమతో పాటు నాశనమైన పట్టణాలు. సొదొమను దేవుడు 'తలకిందులు' చేశాడని చెప్పడానికి ఆదికాండం వాడిన ధాతువునే హోషేయ ఇక్కడ వాడతాడు. కాని తలకిందులైనది పట్టణం కాదు, దేవుని హృదయం. విధ్వంసక్రియ కర్త మీదికే మళ్లింది.

ఆ తర్వాత వచ్చే కారణవాక్యం ఇక్కడి చర్చకు కీలకం. తన కోపాగ్నిని అమలుపరచనని చెప్పి, తాను మనిషిని కాను, దేవుడనని, వారి మధ్య ఉన్న పరిశుద్ధుడనని అంటాడు. పరిశుద్ధత ఇక్కడ శిక్షకు కారణం కాదు, శిక్షించకపోవడానికి కారణం. బలమున్నంత మేరా ప్రయోగించడం మనుషుల పద్ధతి. దేవుడు ఆ పద్ధతికి వేరుగా ఉన్నాడు. 'కాదోష్' అన్న పదంలోని 'వేరు' అన్న భావం ఇంత సూటిగా మరెక్కడా పనిచేయలేదు. హోషేయ ప్రవచనాన్ని తేలికైన క్షమావాక్యంగా చదవకూడదు. పదమూడో అధ్యాయంలో ఆయనే దేవుణ్ణి పిల్లలను పోగొట్టుకున్న ఎలుగుబంటితో పోలుస్తాడు, చరిత్రలో షోమ్రోను కూలిపోయింది కూడా. పదకొండో అధ్యాయం మాట ఆ విధ్వంసం పక్కనే, దానితో సమాధానపడకుండా నిలిచి ఉంది.

'మధ్య' అన్న పదాన్ని కూడా గమనించాలి. ఎబెనెజెరు యుద్ధం నాడు పెద్దలు మందసం 'మా మధ్యకు వచ్చి' రక్షించాలని కోరారు. హోషేయ వాడిన పదం అదే, 'కెరెబ్'. తర్వాతి క్రియ కూడా అదే, 'వచ్చు'. అయితే ఇక్కడ ఆ క్రియ నిషేధరూపంలో ఉంది. ఆ చివరి రెండు మాటల అర్థంపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. 'ఈర్' అన్న నామానికి పట్టణం అన్నది మామూలు అర్థం. ఆ ప్రకారం పట్టణంలోనికి రాను అని చదవాలి. సందర్భాన్ని బట్టి కోపం అన్న అర్థం చెప్పి, కోపంతో రాను అని చదివినవారు ఎక్కువ. మొదటి పాఠాన్ని స్వీకరిస్తే, అప్పటికే వారి మధ్య ఉన్నవాడు శత్రువులాగా గుమ్మం దాటి లోపలికి రానంటున్నాడు.